ఉతాదా హికారు ఆల్బమ్‌లు ఎనిమిదా, పన్నెండా? ఒకే కళాకారుడి రికార్డులకు ఇన్ని లెక్కలు ఎందుకు

జపాన్‌కు చెందిన గాయక-రచయిత ఉతాదా హికారు ఇప్పటివరకు ఎన్ని ఆల్బమ్‌లు చేశారని వెతికితే ఒకచోట 8 అని, మరొకచోట 10 అని, ఇంకొకచోట 11 అని కనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ ఏదని అడిగితే మూడు వేర్వేరు పాటల పేర్లు వినిపిస్తాయి, మూడింటికీ ఆధారాలు ఉంటాయి. 2022 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో 'ఫస్ట్ లవ్ హత్సుకోయ్' ధారావాహిక వచ్చాక, అందులోని పాటలు ఎవరివని ఆరా తీసిన కొత్త శ్రోతలకు మొదట ఎదురైన చిక్కు ఇదే. 2024 ఏప్రిల్ 10న 'సైన్స్ ఫిక్షన్' అనే సంకలనం 'తొలి బెస్ట్ ఆల్బమ్' అన్న ప్రచారంతో విడుదలైనప్పుడు ఈ చిక్కుకు మరో ముడి పడింది. అప్పటికే ఉతాదా పేరు మీద రెండు 'సింగిల్ కలెక్షన్'లు, మరో సంస్థ వేసిన ఒక 'బెస్ట్' డిస్కు మార్కెట్‌లో ఉన్నాయి మరి.

ఈ అంకెల్లో ఏదీ కల్పితం కాదు. లెక్కపెట్టేవారు దేన్ని 'ఒకటి'గా తీసుకుంటున్నారన్నది మారినప్పుడల్లా మొత్తం మారుతుంది. ఒక పేరునా, ఒక భాషనా, ఒక డిస్కునా, ఒక పాటనా, ఒక రికార్డింగునా? ఆ ప్రశ్న తేలకుండా అంకెలను పోల్చడం వల్లే గందరగోళం పుడుతోంది. పాతికేళ్లలో జపాన్ సంగీత వ్యాపారం చిన్న సీడీల నుంచి ఫోన్ రింగ్‌టోన్‌లకూ, అక్కడి నుంచి స్ట్రీమింగ్‌కూ మారిన క్రమమంతా ఈ ఒక్కరి రికార్డుల్లో కనిపిస్తుంది కాబట్టి, ఈ ముడులు ఒక్కొక్కటే విప్పి చూడటం శ్రమకు తగినదే.

సింగిల్, ఆల్బమ్, కప్లింగ్: ముందు తేల్చుకోవాల్సిన మాటలు

మన దగ్గర ఆల్బమ్ అనగానే ఒక సినిమాలోని పాటలన్నీ కలిపి వేసినది గుర్తుకొస్తుంది. దాని మీద ముందుగా కనిపించేది సినిమా పేరు, ఆ తర్వాత సంగీత దర్శకుడి పేరు. ఉతాదా లాంటి కళాకారుల విషయంలో ఆల్బమ్ ఏ సినిమాకూ అనుబంధం కాదు. పాట రాసి, స్వరపరచి, పాడే వ్యక్తి కొంతకాలం పాటు చేసిన పనిని ఒక క్రమంలో పేర్చి, ఒక పేరు పెట్టి ఇచ్చే స్వతంత్ర రచన అది. ఇలా తొలిసారిగా, ఒక ప్రణాళికతో విడుదలయ్యే దాన్ని స్టూడియో ఆల్బమ్ అంటారు.

సింగిల్ అంటే ఒకటి రెండు ముఖ్యమైన పాటలతో ఆల్బమ్ కంటే ముందుగా వచ్చే చిన్న డిస్కు. ప్రధాన గీతానికి తోడుగా చేర్చే పాటను జపాన్‌లో 'కప్లింగ్' అంటారు. రెండు పాటలకూ సమాన ప్రాధాన్యం ఇవ్వదలిస్తే రెండు పేర్లూ పక్కపక్కనే వేస్తారు. 1998 డిసెంబరు 9న, పదిహేనేళ్ల వయసులో ఉతాదా ఇచ్చిన తొలి జపనీస్ సింగిల్ 'ఆటోమేటిక్ / టైమ్ విల్ టెల్' అలాంటిదే. జపాన్‌లో సింగిల్‌లలో చాలా భాగం ఏదో ఒక టీవీ నాటకానికో, ప్రకటనకో, సినిమాకో, వీడియో గేమ్‌కో ముడిపడి వస్తాయి. ఆ ఒప్పందాన్ని 'టై-అప్' అంటారు. ఒకే పాటకు రెండు మూడు రూపాలు పుట్టడానికి ఈ టై-అప్‌లు కూడా ఒక కారణమని ముందుముందు కనిపిస్తుంది.

పాత పాటలను ఏరి కూర్చినది సంకలనం. అందులోనూ ఒక తేడా ఉంది: విడుదలైన సింగిల్‌లను తేదీల వరుసలో యథాతథంగా పేర్చేది ఒక రకం, కళాకారులు కూర్చుని ఎంపిక చేసి కొత్తగా తీర్చిదిద్దేది మరో రకం. 'తొలి బెస్ట్' అన్న మాట నిలబడేది ఈ తేడా మీదే.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

ఉతాదా అనేది ఇంటిపేరు, హికారు సొంత పేరు. తెలుగువారిలాగే జపనీయులు కూడా ఇంటిపేరు ముందు రాస్తారు. ఉతాదా 1983 జనవరి 19న న్యూయార్క్‌లో పుట్టారు. తల్లి ఫుజీ కేకో 1970లో జపాన్‌ను ఊపేసిన ఎంకా (సంప్రదాయ ఛాయలున్న జపనీస్ విషాద గీతాల శైలి) గాయని. ఆ ఏడాది వరుసగా వచ్చిన ఆమె రెండు ఆల్బమ్‌లు కలిసి 37 వారాల పాటు ఒరికాన్ (జపాన్‌లో రికార్డుల అమ్మకాలు లెక్కించే సంస్థ) ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానాన్ని వదల్లేదు. తండ్రి ఉతాదా తెరుజానె సంగీత నిర్మాత. ఇంట్లోనే స్టూడియో వాతావరణం ఉండటం వల్ల రికార్డింగులు బాల్యంలోనే మొదలయ్యాయి, లెక్కలో తేడా కూడా అక్కడే మొదలైంది.

తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ కలిసి 'యూ3' అనే పేరుతో 1993లో 'స్టార్' అనే ఆల్బమ్ వేశారు. తర్వాత 'క్యూబిక్ యూ' అన్న పేరుతో ఉతాదా ఒక్కరే ఇంగ్లీషులో పాడిన 'ప్రెషస్' ఆల్బమ్ 1998 జనవరిలో జపాన్‌లో విడుదలైంది. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1998 డిసెంబరు నుంచి అసలు పేరుతో, జపనీస్‌లో పాడిన పాటలు దేశాన్ని చుట్టేశాక, 1999 మార్చి చివర్లో అదే 'ప్రెషస్'ను మళ్లీ విడుదల చేస్తే అది ఒరికాన్‌లో 4వ స్థానం దాకా వెళ్లింది. 2004లో అమెరికా మార్కెట్ కోసం ఐలాండ్ డెఫ్ జామ్ సంస్థ ద్వారా 'ఎక్సోడస్', 2009లో 'దిస్ ఈజ్ ది వన్' వచ్చాయి. ఈ రెండు ఇంగ్లీషు ఆల్బమ్‌ల మీద ఉన్న పేరు 'ఉతాదా' అన్న ఇంటిపేరు మాత్రమే.

ఇక కూడిక చేసి చూద్దాం. ఉతాదా హికారు అన్న పూర్తి పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు ఇవి: ఫస్ట్ లవ్ (1999), డిస్టెన్స్ (2001), డీప్ రివర్ (2002), అల్ట్రా బ్లూ (2006), హార్ట్ స్టేషన్ (2008), ఫాంటోమ్ (2016), హత్సుకోయ్ (2018), బ్యాడ్ మోడ్ (2022). మొత్తం 8. 'ఉతాదా' పేరిట వచ్చిన ఇంగ్లీషు ఆల్బమ్‌లు రెండూ కలిపితే 10. 'ప్రెషస్' కలిపితే 11. కుటుంబ బృందంగా చేసిన 'స్టార్'ను కూడా చేర్చేవారికి 12.

ఏది సరైనదన్న వాదనలో రెండు వైపులా బలం ఉంది. జపనీస్ ఆల్బమ్‌లనే ఒక వరుసగా చూడాలనే వారు ఆ ఎనిమిదింటిలో ఒకదాని నుంచి మరొకదానికి సాగే పరిణామాన్ని చూపిస్తారు. ఇంగ్లీషు ఆల్బమ్‌లు వేరే సంస్థకు, వేరే శ్రోతలకు, వేరే పేరుతో ఉద్దేశపూర్వకంగా విడిగా చేసినవి గదా అంటారు. రెండో పక్షం వారు గొంతూ, కలమూ, స్వరకల్పనా అన్నీ అదే మనిషివైనప్పుడు పేరులో సగం తీసేసినంత మాత్రాన రచన పరాయిదవుతుందా అని అడుగుతారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది. పైగా 'బ్యాడ్ మోడ్'ను తొలి ద్విభాషా ఆల్బమ్‌గా పరిచయం చేశారు, అందులో జపనీస్, ఇంగ్లీషు పక్కపక్కనే నడుస్తాయి. ఇంగ్లీషు పనిని ప్రధాన మార్గం నుంచి తప్పిస్తే ఈ ఆల్బమ్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. అయితే 'స్టార్' సంగతి వేరు. పదేళ్ల పిల్లగా తల్లిదండ్రులతో కలిసి పాడిన దాన్ని ఒక గాయక-రచయిత సొంత రచనల పద్దులో వేయడం కష్టం. అందువల్ల 11 అనే లెక్క నాకు న్యాయంగా కనిపిస్తుంది. 8 అనేవారు తప్పు చెబుతున్నారని దీనర్థం కాదు, వారు వేరే ప్రశ్నకు జవాబిస్తున్నారు.

అత్యధికంగా అమ్ముడైన సింగిల్: మూడు పాటలు, మూడూ నిజమే

జపాన్‌లో అమ్మకాల అంకెలు చెప్పే వ్యవస్థలు ప్రధానంగా రెండు. ఒరికాన్ అనే సంస్థ 1968 నుంచి దుకాణాల సమాచారం ఆధారంగా దేశమంతటి అమ్మకాలను అంచనా వేసి వారానికోసారి పట్టిక ఇస్తోంది. జపాన్ రికార్డింగ్ పరిశ్రమ సంఘం మాత్రం కంపెనీలు దుకాణాలకు పంపిన డిస్కుల నికర సంఖ్యను బట్టి గోల్డ్, ప్లాటినం, మిలియన్ వంటి ధ్రువీకరణలు ఇస్తుంది. పంపినవన్నీ అమ్ముడుపోవు కాబట్టి ఈ రెండు అంకెలు ఒకటి కావు. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి 'పెరిగింది', 'తగ్గింది' అనడం పొరపాటు.

ఇప్పుడు 'ఆటోమేటిక్ / టైమ్ విల్ టెల్' సంగతి చూద్దాం. 1988 నుంచి జపాన్‌లో సింగిల్ అంటే 8 సెంటీమీటర్ల చిన్న సీడీ. పొడుగాటి సన్నని అట్టలో, నిలువుగా పట్టుకునేలా అమ్మేవారు. 1990ల చివరికి వచ్చేసరికి మామూలు సైజు 12 సెంటీమీటర్ల సీడీ ఆ చోటును ఆక్రమించడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ సంధికాలంలో వచ్చిన ఉతాదా తొలి సింగిల్‌ను రెండు సైజుల్లోనూ అమ్మారు. ఒరికాన్ ఆ రెండింటినీ రెండు వేర్వేరు వస్తువులుగా లెక్కించింది. పెద్ద డిస్కు 2వ స్థానానికి, చిన్న డిస్కు 4వ స్థానానికి చేరాయి. పెద్దది సుమారు 12.9 లక్షలు, చిన్నది సుమారు 7.7 లక్షలు అమ్ముడయ్యాయి. అంటే పాటగా చూస్తే మొత్తం 20.6 లక్షలకు దగ్గర. కానీ పట్టికలో 20 లక్షలు అమ్ముడైన వస్తువు అనేది ఎక్కడా లేదు, ఉన్నవి రెండు విడివిడి వరుసలు.

1999 నవంబరులో వచ్చిన 'అడిక్టెడ్ టు యూ' పాటకు అమెరికన్ నిర్మాతల జంట జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ పని చేశారు. తొలి వారంలోనే పది లక్షలు దాటి, మొత్తం మీద 17.8 లక్షల దాకా వెళ్లింది. ఇది పట్టికలో ఒకే వరుస. ఒక డిస్కును ఒక వస్తువుగా లెక్కపెట్టేవారి దృష్టిలో ఉతాదా సింగిల్‌లలో ఇదే పెద్దది. పాటను ఒక వస్తువుగా లెక్కపెట్టేవారికి 'ఆటోమేటిక్' పెద్దది. 17.8 కంటే 20.6 ఎక్కువే అయినా, 12.9 కంటే 17.8 కూడా ఎక్కువే.

మూడో పాట 2007 ఫిబ్రవరిలో వచ్చిన 'ఫ్లేవర్ ఆఫ్ లైఫ్'. టీబీఎస్ టీవీ నాటకం 'హనా యోరి దాంగో' రెండో భాగం కోసం చేసిన ఈ పాట సీడీ ఆరు లక్షలకు పైగా అమ్ముడైంది. అప్పటి మార్కెట్‌లో అది పెద్ద సంఖ్యే, అయినా ముందు రెండింటితో పోలిస్తే మూడో వంతు. అయితే ఆనాటి జపాన్‌లో పాట ప్రధానంగా ఫోన్‌లోకి చేరేది. పాటలోని ఒక ముక్కను రింగ్‌టోన్‌గా కొనుక్కునే పద్ధతిని 'చాకు-ఉతా' అంటారు. 2002 చివర్లో మొదలైన ఈ సేవకు తోడు, పాట మొత్తాన్ని ఫోన్‌లోకి దింపుకునే సేవ 2004లో వచ్చింది. ఈ రెండింటినీ, కంప్యూటర్ డౌన్‌లోడ్‌లనూ కలిపి 'ఫ్లేవర్ ఆఫ్ లైఫ్' 70 లక్షలు దాటిందని ప్రకటించారు.

70 లక్షలంటే 70 లక్షల మంది అని అనుకుంటే మాత్రం బోల్తా పడతాం. ఒక విద్యార్థి నాటకం చూసి మొదట పల్లవి ముక్కను రింగ్‌టోన్‌గా కొని, తర్వాత పూర్తి పాటను ఫోన్‌లోకి దింపుకుని, విడుదల రోజున సీడీ కూడా తెచ్చుకున్నాడనుకుందాం. ఆ 70 లక్షల కూడికలో ఆ ఒక్కడే రెండుసార్లు, విడిగా ఉన్న సీడీ లెక్కలో ఇంకోసారి వస్తాడు. పైగా ఈ పాటకు మామూలు రూపం, నాటకంలో వినిపించిన నెమ్మదైన బాలడ్ రూపం అని రెండు ఉండటంతో రెండూ దింపుకున్నవారు ఉంటారు. అందువల్ల 70 లక్షలు అనేది పాట ఎంత విస్తారంగా వ్యాపించిందో చెప్పే అంకె మాత్రమే, అది 'ఆటోమేటిక్' 20 లక్షల సీడీలతో పోటీ పడే అంకె కాదు. ఒరికాన్ సైతం సీడీ, డౌన్‌లోడ్, స్ట్రీమింగ్‌లను కలిపిన పట్టికను 2018 చివర్లో గానీ మొదలుపెట్టలేదు. కాబట్టి 2007 నాటి ఈ డౌన్‌లోడ్‌లకు ఆనాటి ఒరికాన్ సింగిల్ పట్టికలో చోటే లేదు.

76 లక్షల ఆల్బమ్, 30 లక్షల వారం

1999 మార్చి 10న వచ్చిన 'ఫస్ట్ లవ్' ఆల్బమ్ ఒరికాన్ లెక్క ప్రకారం 76 లక్షల ప్రతులు దాటి, జపాన్ చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా నిలిచింది. అది విడుదలైనప్పుడు ఉతాదాకు పదహారేళ్లు. రెండో ఆల్బమ్ 'డిస్టెన్స్' 2001 మార్చి 28న విడుదలైంది. అదే రోజున మరో ప్రముఖ గాయని హమసాకీ అయూమీ సంకలనం 'ఎ బెస్ట్' కూడా వచ్చింది. ఆ వారంలో 'డిస్టెన్స్' 30 లక్షలు దాటగా, 'ఎ బెస్ట్' 28 లక్షలు దాటింది. ఒకే వారంలో రెండు డిస్కులు కలిసి సుమారు 58 లక్షలు అమ్ముడుపోవడం జపాన్ మళ్లీ చూడలేదు.

ఆ పోటీని పత్రికలు ద్వంద్వ యుద్ధంగా చూపించాయి గానీ, పోల్చినవి ఒకే జాతి వస్తువులు కావు. ఒకటి కొత్త పాటల స్టూడియో ఆల్బమ్, ఇంకొకటి అప్పటికే జనం నోట నానిన పాటల సంకలనం. సంకలనం కొనేవారికి ఏం కొంటున్నారో ముందే తెలుసు, స్టూడియో ఆల్బమ్ కొనేవారు నమ్మకం మీద కొంటారు. దాన్ని బట్టి 'డిస్టెన్స్' అంకెకు బరువు ఎక్కువని ఒకరు అనవచ్చు. ఒక కళాకారిణి మొత్తం ప్రస్థానానికి దక్కిన ఓటుగా 'ఎ బెస్ట్' అంకెనే గొప్పదని ఇంకొకరు అనవచ్చు. రెండు వాదాల్లోనూ పస ఉంది.

తర్వాతి ఆల్బమ్‌ల అంకెలు తగ్గుతూ వచ్చాయి: 'డిస్టెన్స్' మొత్తం 44 లక్షలకు పైగా, 'డీప్ రివర్' సుమారు 36 లక్షలు, 2016 నాటి 'ఫాంటోమ్' ఐదు లక్షలకు పైగా. దీన్ని ఆదరణ పతనంగా చదవడం తేలిక, కానీ సరికాదు. జపాన్ రికార్డుల వ్యాపారం 1998 ప్రాంతంలో శిఖరానికి చేరి ఆ తర్వాత దిగుతూ వచ్చింది. 'ఫస్ట్ లవ్' ఆ శిఖరం మీద నిలబడి అమ్ముడైన డిస్కు. 'ఫాంటోమ్' వచ్చే నాటికి ఒకే ఆల్బమ్‌ను నాలుగైదు రకాల అట్టలతో, బొమ్మలతో, కళాకారులతో కరచాలనం చేసే టికెట్లతో ఒకే అభిమానికి పలుమార్లు అమ్మే పద్ధతి స్థిరపడిపోయింది. అలాంటి కాలంలో 'ఫాంటోమ్'ను ఏ అదనపు ఆకర్షణా లేకుండా ఒకే ఒక రూపంలో విడుదల చేశారు. 2013లో కన్నుమూసిన తల్లికి అర్పించిన ఆ ఆల్బమ్‌ను కొన్న ప్రతి మనిషీ దాదాపు ఒక్క ప్రతే కొని ఉంటారు కనుక, ఆ ఐదు లక్షల్లో మనుషుల సంఖ్య దాదాపు నికరం. అంకె చిన్నదైనా నమ్మదగినది.

'ఎక్సోడస్' ఉదాహరణ ఇంకా స్పష్టం. అమెరికాలో బిల్‌బోర్డ్ 200 పట్టికలో అది 160వ స్థానం దగ్గర ఆగిపోయింది. జపాన్‌లో అదే ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి పది లక్షలు దాటింది. విఫలమైందన్నవారూ, ఘనవిజయమన్నవారూ ఒకే డిస్కు గురించి మాట్లాడుతున్నారు, చూస్తున్న దేశాలు వేరు.

ఒకే పాటకు ఎన్ని రూపాలు

ఇప్పటివరకు చెప్పినది డిస్కుల లెక్క. పాటల లెక్కకు వస్తే చిక్కు ఇంకా లోతుది, నా దృష్టిలో అసలు రుచి కూడా అక్కడే ఉంది.

'డిస్టెన్స్' ఆల్బమ్‌లో అదే పేరుతో హుషారైన నడకలో సాగే ఒక పాట ఉంది. నాలుగు నెలల తర్వాత, 2001 జులై 25న, ఉతాదా ఆ పాటనే పియానో, తంత్రీవాద్యాలతో నెమ్మదిగా, దాదాపు ప్రార్థనలా మార్చి 'ఫైనల్ డిస్టెన్స్' పేరుతో సింగిల్‌గా ఇచ్చారు. ఆ జూన్ 8న ఒసాకాలోని ఇకెదా ప్రాథమిక పాఠశాలలో జరిగిన దాడిలో ఎనిమిది మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. వారిలో తనను అభిమానించిన ఒక చిన్నారి ఉందని తెలిసి ఈ పాటను ఆ పాపకు అంకితం చేశారు. తర్వాతి ఏడాది వచ్చిన 'డీప్ రివర్'లో ఈ రూపమే చేరింది. ఇది కొత్త పాటా, పాత పాట రెండో రూపమా? సాహిత్యం, వరుస చూస్తే పాతదే. వినేవారికి కలిగే అనుభవం, డిస్కు మీది పేరు, రెండు వేర్వేరు ఆల్బమ్‌లలో దక్కిన స్థానం చూస్తే రెండూ స్వతంత్ర రచనలు. జాబితా రాసేవారు రెండు వరుసలు వేస్తే తప్పుపట్టలేం.

భాష మారినప్పుడు సంగతి ఇంకోలా ఉంటుంది. 2002లో 'కింగ్‌డమ్ హార్ట్స్' గేమ్ కోసం 'హికారీ' అనే జపనీస్ పాట చేశారు. అదే గేమ్ అమెరికాకు వెళ్లినప్పుడు దానికి 'సింపుల్ అండ్ క్లీన్' అనే ఇంగ్లీషు పాట వచ్చింది. తెలుగు, తమిళ ద్విభాషా చిత్రాల్లో ఒకే బాణీకి రెండు భాషల కవులు వేర్వేరుగా సాహిత్యం రాయడం మనకు అలవాటే. ఇక్కడ ఆ రెండు పనులూ చేసింది ఒక్కరే, అదీ అనువాదంగా కాదు, భావం దగ్గర నుంచి కొత్తగా. అయితే ఆ ఇంగ్లీషు పాట సీడీ మీద మొదట కనిపించిన చోటు ఏ ఇంగ్లీషు ఆల్బమ్‌లోనూ కాదు, 2003 జనవరి నాటి 'కలర్స్' అనే జపనీస్ సింగిల్‌లో కప్లింగ్ పాటగా. తర్వాత ఆరేళ్లకు 'దిస్ ఈజ్ ది వన్' అమెరికా ప్రతిలో అదనపు పాటగా చేరింది. స్టూడియో ఆల్బమ్‌ల ప్రధాన జాబితా మాత్రమే చూసేవారికి, ప్రపంచవ్యాప్తంగా గేమ్ ప్రియులు కంఠతా పాడే ఈ పాట ఎక్కడుందో దొరకదు. 'కలర్స్' కథా అటువంటిదే. అది 2004 మార్చిలో సంకలనంలో చేరిన తర్వాత, 2006లో గానీ స్టూడియో ఆల్బమ్ 'అల్ట్రా బ్లూ'లోకి రాలేదు. సంకలనం పాతవాటి కూడిక, ఆల్బమ్ కొత్తవాటి తొలి రాక అన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది.

మూడు సాంకేతిక మాటలు తెలిస్తే మిగతా గందరగోళం చాలావరకు తొలగిపోతుంది. రీమాస్టర్ అంటే పూర్తయిన రికార్డింగునే తీసుకుని దాని ధ్వని స్థాయిని, స్పష్టతను సరిచేయడం. గొంతు అదే, వాద్యాలు అవే, వాటి మధ్య తూకం కూడా అదే. 2014లో వచ్చిన 'ఫస్ట్ లవ్' 15వ వార్షికోత్సవ ప్రతి ఈ కోవలోది. కొత్త మిక్స్ అంటే గొంతు, డ్రమ్స్, గిటార్ వంటి వాటిని విడివిడిగా రికార్డు చేసిన పాత పట్టీలను తిరిగి తెరిచి, వాటి మధ్య తూకాన్ని మళ్లీ పేర్చడం. పాడినది పాత రోజునే, వినిపించే తీరు కొత్తది. రీ-రికార్డింగ్ అంటే మళ్లీ పాడటం, అది పూర్తిగా కొత్త రికార్డింగు. మొదటిదాన్ని కొత్త రచనగా ఎవరూ లెక్కించరు, మూడోదాన్ని చాలామంది లెక్కిస్తారు, తగువంతా మధ్యదాని దగ్గరే.

ఒకే రోజు వచ్చిన రెండు సంకలనాలు

2010 ఆగస్టులో ఉతాదా కొంతకాలం సంగీతం ఆపి మామూలు మనిషిగా బతకాలనుకుంటున్నానని ప్రకటించారు. ఆ నవంబరు 24న రెండు డిస్కులు ఒకేసారి దుకాణాలకు వచ్చాయి. ఒకటి ఈఎంఐ మ్యూజిక్ జపాన్ వేసిన 'సింగిల్ కలెక్షన్ రెండో సంపుటి'. అందులో పాత సింగిల్‌లతో పాటు విడిగా ఇంకో డిస్కులో ఐదు కొత్త పాటలు ఉన్నాయి, తల్లిని తలుచుకుంటూ రాసిన 'అరాషీ నో మెగామీ' వాటిలో ఒకటి. రెండోది ఐలాండ్ డెఫ్ జామ్ మాతృసంస్థ యూనివర్సల్ వేసిన 'ఉతాదా ది బెస్ట్', ఇంగ్లీషు ఆల్బమ్‌ల నుంచి ఏరిన పాటల కూర్పు. ఈ రెండో డిస్కు తన ఇష్టంతో వస్తున్నది కాదని ఉతాదా బహిరంగంగానే చెప్పారు.

ఇష్టం లేకపోతే ఎలా వచ్చింది? పాటకు ఉండే హక్కులు రెండు రకాలు. సాహిత్యం, స్వరం మీది హక్కు రచయితది. దాన్ని పాడి రికార్డు చేసిన శబ్ద రూపాన్ని మాస్టర్ అంటారు, సాధారణంగా దాని మీద హక్కు ఖర్చు పెట్టిన కంపెనీది. కాంట్రాక్టు ముగిసినా మాస్టర్లు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఒప్పందంలో స్పష్టంగా అడ్డు లేకపోతే వాటి నుంచి ఏరి కొత్త డిస్కు వేయడానికి కళాకారుల అంగీకారం అక్కర్లేదు. కంపెనీ వైపు నుంచి చూస్తే అది పెట్టుబడి మీద రాబడి, కొత్త శ్రోతలకు పాత పాటలు చేర్చే మార్గం. కళాకారుల వైపు నుంచి చూస్తే తాము కూర్చని క్రమంలో, తాము ఎంచని పాటలతో, తమ పేరు మీద ఒక రచన లోకంలోకి వెళ్లడం. చట్టం మొదటి మాటకు అండగా ఉన్నా, అభిమానులు రచనల జాబితా రాసుకునేటప్పుడు రెండో మాటకే గౌరవం ఇస్తుండటం గమనించదగినది. 'ఉతాదా ది బెస్ట్'ను చాలా జాబితాల్లో చివర వేస్తారు, లేదా విడిగా చూపిస్తారు.

కంపెనీల సరిహద్దులు కూడా స్థిరంగా లేవు. తొలి ఆల్బమ్‌లు తోషిబా ఈఎంఐవి. అదే 2007లో ఈఎంఐ మ్యూజిక్ జపాన్‌గా మారి, 2013లో యూనివర్సల్‌లో కలిసిపోయింది. అంటే 2010లో ఒకే రోజున ఎదురెదురుగా నిలిచిన రెండు డిస్కులూ మూడేళ్లకు ఒకే గూటికి చేరాయి. 'ఫాంటోమ్' యూనివర్సల్ నుంచే వచ్చింది. 2017లో ఉతాదా సోనీ కింద ఉన్న ఎపిక్‌కు మారగా, 'హత్సుకోయ్', 'బ్యాడ్ మోడ్' అక్కడి నుంచి వచ్చాయి. 2017 డిసెంబరులో పాత పాటలన్నీ స్ట్రీమింగ్‌లోకి వచ్చాకే విదేశీ శ్రోతలకు వీటిని చట్టబద్ధంగా, తేలిగ్గా వినే వీలు కలిగింది. నెట్‌ఫ్లిక్స్ ధారావాహికతో 1999 నాటి 'ఫస్ట్ లవ్' పాట మళ్లీ పట్టికలెక్కడానికి దారి వేసింది ఆ మార్పే. జపనీస్‌లో 'హత్సుకోయ్' అన్నా తొలి ప్రేమే, అయినా ఆ ధారావాహిక పేరులో పక్కపక్కన ఉన్నవి పందొమ్మిదేళ్ల ఎడంతో ఉతాదా రాసిన రెండు వేర్వేరు పాటల పేర్లు, ఒకే పాటకు రెండు భాషల పేర్లు కావు.

'సైన్స్ ఫిక్షన్' ఏ పద్దులోకి వస్తుంది

రెండు డిస్కుల్లో 26 పాటలున్న 'సైన్స్ ఫిక్షన్'ను ఇప్పుడు చూస్తే, 'తొలి బెస్ట్' అన్న మాటకు అర్థం దొరుకుతుంది. 'సింగిల్ కలెక్షన్' రెండూ తమ పేరు చెప్పినట్టే విడుదలైన సింగిల్‌లను కూడగట్టినవి, ప్రధానంగా తేదీలే వాటి క్రమాన్ని నిర్ణయించాయి. 2010 నాటి యూనివర్సల్ డిస్కులో కళాకారుల ప్రమేయం లేదు. ఆల్బమ్ పాటలనూ సింగిల్‌లనూ కలిపి, తేదీలతో పని లేకుండా తానే క్రమం నిర్ణయించి, ధ్వనిని తిరిగి చూసుకుని ఇచ్చిన కూర్పుల్లో ఇదే మొదటిది. ప్రచారపు మాట అని కొట్టిపారేసేవారికీ ఒక వాదన ఉంది: 2004 నాటి మొదటి 'సింగిల్ కలెక్షన్' ఆ ఏడాది జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్. కొన్న లక్షల మంది దాన్ని బెస్ట్ ఆల్బమ్‌గానే కొన్నారు, దుకాణాలూ అలాగే అమ్మాయి.

'సైన్స్ ఫిక్షన్' లోపల మూడు రకాల పాటలు కలిసి ఉన్నాయి. 'అడిక్టెడ్ టు యూ', 'ట్రావెలింగ్', 'హికారీ' మళ్లీ పాడి రికార్డు చేసినవి. 'ఆటోమేటిక్' వంటివి కొత్త మిక్స్‌లు. 'ఎలక్ట్రిసిటీ' వంటివి పూర్తిగా కొత్త పాటలు. పదహారేళ్ల గొంతుతో 1999లో వచ్చిన 'అడిక్టెడ్ టు యూ'నూ, నలభై దాటాక పాడిన దాన్నీ వెంటవెంటనే వింటే ఏ పట్టికా చెప్పని తేడా చెవికి తెలుస్తుంది. మొదటిదానిలో ఊపిరి మాట కంటే ముందు పరుగెడుతుంది, రెండోదానిలో ప్రతి మాటకూ చోటు ఇచ్చి నడుస్తుంది. పాత గొంతే ఆ పాటకు అసలు రూపం, దాన్ని మార్చకూడదని కోరుకునే శ్రోతలు ఉన్నారు. రాసినవారే తిరిగి పాడినప్పుడు అది కూడా అసలే అవుతుందనేవారూ ఉన్నారు. స్టూడియో ఆల్బమ్‌ల పద్దులో 'సైన్స్ ఫిక్షన్' వల్ల ఒక్క అంకె కూడా మారదు, 11 అన్నవారికి 11గానే ఉంటుంది. రికార్డింగుల పద్దులో మాత్రం ఆ మూడు పాటలు పాతవాటి పక్కన మూడు కొత్త వరుసలుగా చేరతాయి, కొత్త మిక్స్‌లను చేర్చాలా వద్దా అన్నది ఆ పద్దు రాసేవారు ముందే చెప్పుకోవాలి.